ఉద్యోగంలో సరుకైపోకుండా మనిషిగా మిగలడం ఎలా

కొన్నేళ్ల క్రితం ఒక ప్రాజెక్టు కోసం నేను తయారు చేసిన ఎక్సెల్ షీటులో నాలుగో వరుసలో 0.5 అనే అంకె ఉండేది. మిగతా వరుసల్లో ‘రిసోర్స్ 1’, ‘రిసోర్స్ 2’ అంటూ పూర్తి అంకెలే ఉన్నాయి, ఇదొక్కటే సగం. పై అధికారుల సమావేశంలో ఆ సగాన్ని తీసేస్తే ఖర్చు ఎంత తగ్గుతుందని అడిగారు. నేను లెక్క చూసి చెప్పాను. అంతా ముగిసి నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాక గానీ ఆ సగం ఎవరో నాకు గుర్తుకు రాలేదు. జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి రోజుకు నాలుగు గంటలే పనిచేస్తానని స్వయంగా నా దగ్గరే అనుమతి తీసుకున్న సహోద్యోగి ఆమె. ఆ అంకె వేసింది నేనే. ఆమె మీద నాకు కోపం లేదు, పైగా ఆమె పనితనం మీద ఎంతో గౌరవం ఉండేది. అయినా ఆ పది నిమిషాలపాటు ఆమె నాకు మనిషిగా తోచలేదు.

అప్పటినుంచి ఈ విషయం గురించి చదువుతూ, నా ఉద్యోగంలోనూ నాతో పనిచేసేవాళ్ల ఉద్యోగాల్లోనూ గమనిస్తూ వచ్చాను. మనిషిని సరుకుగా మార్చడానికి ఎవరో దుర్మార్గుడు ప్రత్యేకంగా పూనుకోనక్కర్లేదని నాకు అర్థమైంది. ఒప్పందపత్రంలో చదవకుండా సంతకం పెట్టిన ఒక వాక్యం, అలవాటుగా వాడే ఒక మాట, ఎందుకో అడగకుండా నింపే ఒక గడి, రాత్రి పదకొండింటికి ఆలోచించకుండా ఇచ్చే ఒక జవాబు కలిసి ఆ పని చేసిపెడతాయి. కాబట్టి దాన్ని అడ్డుకోవడం కూడా ఇలాంటి చిన్న చోట్లనే మొదలవుతుంది. కొంత దూరం వెళ్లాక మాత్రం అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఈ రెండు భాగాలనూ ఇక్కడ వివరిస్తాను. చట్టాలు దేశానికొక రకంగా ఉంటాయి గనుక, హక్కుల ప్రస్తావన వచ్చినచోట మీకు వర్తించే నిబంధన ఏమిటో చూసుకున్నాకే అడుగు వేయండి.

ఏది అమ్మారో, ఏది అమ్మలేదో రాసుకోండి

సరుకంటే అమ్మడం కోసమే తయారైన వస్తువు. ఒకటి పోతే సరిగ్గా అలాంటిదే మరొకటి తెచ్చిపెట్టవచ్చు, ఈ రోజు అమ్ముడుపోకపోతే గోదాములో ఉంచి రేపు అమ్మవచ్చు. మనిషి శ్రమకు ఈ లక్షణాలేవీ లేవు. ఆర్థిక చరిత్రకారుడు కార్ల్ పొలానీ 1944లో శ్రమను, భూమిని, డబ్బును ‘కల్పిత సరుకులు’ అన్నది ఇందుకే. ఎవరూ అమ్మకం కోసం బిడ్డను కనరు, మనిషి చేసే శ్రమను అతని మిగతా జీవితం నుంచి విడదీసి మూటగట్టడం కుదరదు, పని దొరకని మంగళవారాన్ని దాచుకుని బుధవారం అమ్ముకోవడమూ కుదరదు. అయినా సరుకే అన్నట్టుగా బజారు నడుస్తుంది. అంతకు ముందే, 1867లో, కార్ల్ మార్క్స్ ఇంకొక సూక్ష్మమైన విషయం చెప్పాడు. కార్మికుడు తన శ్రమశక్తిని ఎప్పుడూ ఒక నిర్ణీత కాలానికే అమ్మాలి, మొత్తంగా ఒకేసారి అమ్మేస్తే అతడు తనను తానే అమ్ముకుని బానిస అవుతాడు. మార్క్స్ మిగతా సిద్ధాంతంతో మీకు ఏకీభావం ఉన్నా లేకపోయినా, ఈ గడువు అనే షరతు మాత్రం ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది, ఎందుకంటే జీతగాడికీ బానిసకూ మధ్య గీత అక్కడే ఉంది.

ఆ గీతను మీ విషయంలో కాగితం మీద గీసుకోవడం మొదటి పని. మీ నియామక పత్రాన్ని బయటకు తీసి, కలం చేతిలో పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదవండి. చాలామంది దాన్ని చేరిన రోజున తప్ప మళ్లీ చూడరు, ఆ రోజున కూడా జీతం ఉన్న పేజీ మాత్రమే చూస్తారు. పని గంటల దగ్గర ‘అవసరాన్ని బట్టి అదనపు సమయం’ అని ఉందేమో, విధుల దగ్గర ‘అప్పగించిన ఇతర పనులు’ అని ఉందేమో చూడండి. సొంత సమయంలో మీరు తయారు చేసుకున్న దాని మీద యజమానికి హక్కు రాసి ఉండవచ్చు. ఉద్యోగం మానేశాక ఎక్కడ పనిచేయకూడదో కూడా రాసి ఉండవచ్చు. ఈ నాలుగు చోట్లా మీరు అమ్మానని అనుకున్న దానికంటే ఎక్కువే అమ్మి ఉండే అవకాశం ఉంది.

చదివాక ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు మీరు నిజంగా అమ్మినవి రాయండి: ఏ గంటలు, ఏ రకం పని, ఏ నైపుణ్యం. కుడివైపు అమ్మనివి రాయండి: రాత్రులు, సెలవు రోజులు, మీ అభిప్రాయాలు, స్నేహాలు, ఒంటి ఆరోగ్యం, మీ ఫొటో, మీ ఇంటి గది, మీ సొంత ఫోను. ఇక్కడ ‘మొదలైనవి’ అని రాసి ముగించకండి, ఒక్కొక్కటీ పేరుపెట్టి రాయండి. రాసుకున్నాక, కుడివైపున ఉండి కూడా రోజూ ఎడమవైపుకు వెళ్లిపోతున్నవాటి చుట్టూ గీత గీయండి. నా కాగితంలో అలా చుట్టిన మొదటి మాట ‘ఆదివారం సాయంత్రం’. సోమవారం ఉదయపు సమావేశానికి కావలసినవన్నీ నేను అప్పుడే సిద్ధం చేసేవాణ్ణి, ఏనాడూ దాన్ని పనిగా లెక్కవేసుకోలేదు.

తరువాత రెండు వారాలపాటు గంటలు రాయండి. పని, ప్రయాణం, ఇంట్లో చూసిన మెసేజ్‌లు, ఏవీ వదలకండి. ఒప్పందం ప్రకారం వారానికి 40 గంటలు, రాకపోకలకు 7, రాత్రుళ్లు మెసేజ్‌లకు 6, ఆదివారపు తయారీకి 3 అనుకుంటే మొత్తం 56 అవుతుంది. అంటే 40 గంటలకని మీరనుకుంటున్న జీతం నిజానికి 56 గంటల మీద పరచుకుని ఉంది, గంటకు మీకు దక్కుతున్నది మీరనుకున్న దానిలో సుమారు 71 శాతమే. ఈ లెక్క మీ ఆరోగ్యానికీ అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెకు రక్తం అందని జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఇవి కేవలం పని గంటలు, ప్రయాణం వీటిలో కలవలేదు.

జీతం పెరిగినప్పుడు కాగితం మళ్లీ తీయండి

జీతం తగ్గినప్పుడు అందరమూ జాగ్రత్తపడతాం. కుడివైపు గడి ఖాళీ అయ్యేది మాత్రం ఎక్కువగా జీతం పెరిగినప్పుడే, దానికి ఫోర్డ్ కంపెనీ చరిత్ర అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ మొదలైంది. పన్నెండు గంటలకు పైగా పట్టే కారు చాసిస్ (చట్రం) బిగింపు కొద్ది నెలల్లోనే గంటన్నరకు దిగివచ్చింది. మనిషి ఒకే చోట నిలబడి ఒకే బోల్టు బిగించే పని చేయాల్సి వచ్చింది, ఆ పనిలో ఒకరి స్థానంలో ఇంకొకరిని పెట్టడం ఎంతో సులువు. కార్మికులు మాత్రం ఆ సులువును ఒప్పుకోలేదు, మానేసి వెళ్లిపోయారు. ఆ సంవత్సరం అక్కడ ఉద్యోగులు మానేసి మారే రేటు 370 శాతానికి చేరింది. వంద స్థానాలు నిండుగా ఉండాలంటే ఏడాదిలో దాదాపు 370 మందిని తీసుకోవాల్సి వచ్చిందన్నమాట.

దానికి జవాబుగా 1914 జనవరిలో కంపెనీ రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించింది. అది అప్పటి కూలికి సుమారు రెట్టింపు. అయితే ఆ మొత్తంలో పెద్ద భాగానికి లాభాల్లో వాటా అని పేరుపెట్టి, ఇంటి జీవితం సక్రమంగా ఉన్నవారికే ఇస్తామని షరతు పెట్టారు. కంపెనీలోని ‘సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్’ నుంచి విచారణాధికారులు కార్మికుల ఇళ్లకు వెళ్లి తాగుడు ఉందా, పొదుపు చేస్తున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా, సంసారం ఎలా ఉందని ఆరా తీసేవారు. ఫ్యాక్టరీలో అమ్మిన గంటలకు అదనంగా ఇంటి గడప లోపలి జీవితం కూడా ఆ 5 డాలర్లలో కలిసిపోయింది.

ఇప్పుడు ఇంటికి మనుషులు రారు. కంపెనీ ఇచ్చిన ఫోను వస్తుంది, మీ సొంత ఫోనులో పెట్టుకోమనే యాప్ వస్తుంది, నడిచిన అడుగులు లెక్కపెట్టే ఆరోగ్య పథకం వస్తుంది, కంపెనీని పొగుడుతూ మీ పేరుతో పోస్టు పెట్టమనే అభ్యర్థన వస్తుంది. పదోన్నతి, బోనసు, ఇంటినుంచి పని వంటి మేలు ఏది వచ్చినా సంతోషంగానే తీసుకోండి, కానీ తీసుకునే ముందు రెండు గడుల కాగితం తెరిచి, దీనితోపాటు కుడివైపు నుంచి ఏది కదులుతుందో చూడండి. తెలియకపోతే మెయిల్‌లో అడగండి. ‘ఈ బాధ్యతలో పని గంటల తరువాత అందుబాటులో ఉండాలా, ఉండాలంటే వారానికి ఎన్ని రోజులు?’ అనే ప్రశ్నలో అవిధేయత ఏమీ లేదు. జవాబు రాతపూర్వకంగా వస్తే అది కూడా ఒప్పందంలో భాగమైనట్టే భద్రపరచుకోండి.

మాటల సంగతి

రిసోర్స్, హెడ్‌కౌంట్, బ్యాండ్‌విడ్త్, బెంచ్, మార్కెట్ వాల్యూ వంటి మాటలు వినపడినప్పుడల్లా గొడవ పెట్టుకోనవసరం లేదు. మీ నోటినుంచి వచ్చేటప్పుడు మాత్రం మార్చి చూడండి. ‘ఈ వారం నాకు బ్యాండ్‌విడ్త్ లేదు’ అనే బదులు ‘ఈ వారం నాకు తీరిక లేదు, ఇప్పటికే రెండు పనులు చేతిలో ఉన్నాయి’ అనండి. ‘ఇద్దరు రిసోర్సులు కావాలి’ అనే బదులు ‘ఇద్దరు మనుషులు కావాలి’ అనండి. మనిషి అన్నాక వాళ్లు ఎక్కడ కూర్చుంటారు, ఎవరు నేర్పిస్తారు అనే ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. బయోడేటా రాసేటప్పుడు కూడా మిమ్మల్ని మీరు విశేషణాలతో అలంకరించుకునే పద్ధతి మాని, చేసిన పనులు చెప్పండి: ఏ సమస్య వచ్చింది, మీరేం చేశారు, ఎవరికి ఉపయోగపడింది. ఇది చదివేవారికీ ఎక్కువ సమాచారం ఇస్తుంది, రాసే మీకూ అంగట్లో నిలబడ్డ భావన కలిగించదు.

మిమ్మల్ని కొలిచే అంకెలతో ఎలా వ్యవహరించాలి

పనిని సెకన్లుగా ముక్కలు చేసి, స్టాప్‌వాచ్‌తో కొలిచి, ‘ఇదే సరైన పద్ధతి’ అని పైనుంచి నిర్ణయించే విధానాన్ని ఫ్రెడరిక్ టేలర్ 1911లో సిద్ధాంతంగా ప్రకటించాడు. ఆలోచన యాజమాన్యానిది, చేతులు కార్మికుడివి అనే విభజన అందులో ఉంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు కీబోర్డు నొక్కిన సంఖ్యను, తెరమీద మౌసు ఆగిన నిమిషాలను, ఒక కాల్‌కు పట్టిన సెకన్లను లెక్కిస్తూ అదే విభజనను ఆఫీసు బల్లల దాకా తీసుకువచ్చాయి. కొలవడం మొత్తంగా తప్పని నేననను. ఎంత పని జరుగుతోందో తెలియకుండా ఏ సంస్థా నడవదు. అయితే బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో గమనించినట్టు, ఒక గణాంకాన్ని నియంత్రణ కోసం వాడటం మొదలుపెట్టగానే అది నమ్మదగిన గణాంకంగా మిగలదు. కాల్ సెంటరులో సగటు కాల్ నిడివిని లక్ష్యంగా పెడితే నిడివి తగ్గుతుంది, సమస్య తీరకుండానే ఫోను పెట్టేయబడిన వినియోగదారులు పెరుగుతారు.

మీ గురించి ఏమేం సేకరిస్తున్నారు, దాన్ని ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంచుతారు, జీతం లేదా ఉద్యోగం గురించిన నిర్ణయానికి వాడతారా? ఈ నాలుగు ప్రశ్నలూ రాతపూర్వకంగా అడగండి. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమలులో ఉన్న డేటా రక్షణ నిబంధనల ప్రకారం తన సమాచారం చూపించమని అడిగే హక్కు ఉద్యోగికి ఉంది. కొన్ని మినహాయింపులు పోను, జీవితం మీద గణనీయమైన ప్రభావం చూపే నిర్ణయాన్ని పూర్తిగా యంత్రానికే వదిలేయకూడదనే రక్షణ కూడా ఉంది. అలాంటి చట్టం లేని చోట కూడా అడిగితే పోయేదేమీ లేదు. ఎవరూ అడగకపోవడం వల్లనే చాలా సంస్థల్లో ఈ ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉండదు.

దీనికంటే ముఖ్యమైనది, కొలతకు అందని పనికి మీరే ఒక నోటు పుస్తకం పెట్టుకోవడం. ప్రతి శుక్రవారం ఐదు నిమిషాలు చాలు. నా పుస్తకంలోంచి ఒక వారం చెబుతాను: ‘కొత్తగా చేరిన అబ్బాయికి పాత రిపోర్టుల అమరిక చూపించాను, ముప్పావు గంట. బిల్లులో సున్నా ఎక్కువ పడటం గమనించి పంపకముందే ఆపాను. ఇద్దరి మధ్య మాటపట్టింపు వస్తే విడివిడిగా మాట్లాడాను.’ ఆ వారం టైమ్‌షీట్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అప్రైజల్ సమయంలో ఈ పుస్తకం మీ చేతిలో ఆధారమవుతుంది. అంతకు మించి, రేటింగ్ ఎంత వచ్చినా మీ పని విలువ మీ కళ్లముందు అక్షరాల్లో ఉంటుంది. సంవత్సరం చివర 3 వచ్చిందా 4 వచ్చిందా అనేదే మీ గురించిన ఏకైక వాక్యం కాకుండా పోతుంది. నిరుడు మంచి రేటింగ్ రాని ఒక సహోద్యోగి తన పుస్తకాన్ని మేనేజరు ముందు పెట్టినప్పుడు రేటింగ్ మారలేదు గానీ, ఆమె చేస్తున్న శిక్షణ పనిని తరువాతి ఏడాది లక్ష్యాల్లో అధికారికంగా చేర్చారు.

నవ్వు, విధేయత, ‘మనమంతా ఒక కుటుంబం’

చేతుల కష్టాన్ని అమ్మడం కొత్త సంగతి కాదు. భావాలను జీతానికి కట్టేయడాన్ని మొదటగా లోతుగా పరిశీలించినవారిలో సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ ఒకరు. 1983లో విమాన పరిచారికల పనిని అధ్యయనం చేసి, నవ్వడం, ఓపిక చూపడం, కోపాన్ని మింగుకోవడం ఉద్యోగంలో భాగమైనప్పుడు దాన్ని ‘భావ శ్రమ’గా గుర్తించాలని ఆమె వాదించారు. పైకి నటించడం ఒక స్థాయి. నిజంగానే అలా అనిపించేలా తనను తాను మలచుకోవడం ఇంకా లోతైన స్థాయి, ఇంటికి వెళ్లాక తనకు అసలేమనిపిస్తోందో తెలియని స్థితి దాని వెంటే వస్తుంది. బడి, ఆసుపత్రి, దుకాణం, కాల్ సెంటర్ వంటి చోట్ల పనిచేసేవారికి ఇది నేను చెప్పకుండానే తెలుసు.

మర్యాద అమ్మండి, మనసు అమ్మకండి. మర్యాద అంటే చేతలు: పలకరించడం, వినడం, చేయగలిగింది చేయడం, చేయలేనిది చెప్పడం. తిట్టిన మనిషి మీద ప్రేమ పుట్టించుకోవాల్సిన బాధ్యత ఏ ఒప్పందంలోనూ ఉండదు. కష్టమైన సంభాషణ తరువాత రెండు నిమిషాలు లేచి నడవండి, వీలైతే పక్కనున్నవారితో ‘ఇది బాధగా అనిపించింది’ అని పైకి అనండి. సంస్థ తనను కుటుంబంగా చెప్పుకున్నప్పుడు ఆ మాటలోని ఆప్యాయతను కాదనకండి, కానీ కుటుంబం అన్నందుకు సెలవులు వదులుకోవడం, జీతం అడగడానికి మొహమాటపడటం దగ్గర ఆగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘బర్నౌట్’ను వృత్తిపరమైన దృగ్విషయంగా వర్ణిస్తూ మూడు గుర్తులు చెప్పింది: శక్తి హరించుకుపోవడం, పని పట్ల దూరం లేదా విరక్తి పెరగడం, పనిలో సామర్థ్యం తగ్గిందనిపించడం. మీ ఎదుటికి వచ్చే మనుషులు మీకు కేసులుగా, టికెట్లుగా మాత్రమే కనిపించడం మొదలైతే రెండో గుర్తు తలుపు తట్టిందని అనుమానించండి. అది మీ స్వభావ లోపం కాదు. పనిభారం గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చిందనడానికి అది సూచన.

సమయానికి గట్టు వేయడం

పని వేళల తరువాత జవాబివ్వకపోవడాన్ని హక్కుగా గుర్తించిన దేశాలు కొన్ని ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ఈ విషయం మీద ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించాల్సి ఉంది. పోర్చుగల్ 2021లో పని వేళల వెలుపల ఉద్యోగిని సంప్రదించకుండా ఉండే బాధ్యతను యజమాని మీదనే పెట్టింది. ఆస్ట్రేలియా ఈ హక్కును 2024 ఆగస్టులో అమలులోకి తెచ్చింది. మీ దగ్గర చట్టం లేకపోతే గట్టు మీరే వేసుకోవాలి, దాన్ని కోపంగా ఒకేసారి కాక నెమ్మదిగా వేయడం మంచిది.

ముందుగా బృందంలో ఒక్క ప్రశ్న లేవనెత్తండి: ‘అత్యవసరం అంటే ఏమిటి, అలాంటప్పుడు ఏ దారిలో పిలవాలి?’ అత్యవసరానికి ఫోను, మిగతావాటికి మెయిల్ అని ఒక్కమాటగా అనుకుంటే సగం సమస్య తీరుతుంది. ఆ తరువాత ఆఫీసు యాప్‌ల నోటిఫికేషన్లు ఒక నిర్ణీత వేళకు ఆగిపోయేలా పెట్టుకోండి. రాత్రి వచ్చిన మెసేజ్‌కు ఉదయం పని మొదలయ్యాక ఇలా రాయండి: ‘మీ మెసేజ్ ఇప్పుడు చూశాను. 10 గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నంలోగా పంపుతాను.’ ఆలస్యానికి క్షమాపణ చేర్చకండి, ఎందుకంటే అక్కడ ఆలస్యం జరగలేదు. మీకు రాత్రుళ్లు రాసే అలవాటు ఉంటే, అది అవతలివారికి ఉదయం చేరేలా సమయం పెట్టి పంపండి.

ఒక్కరి వల్ల కాని భాగం

ఇంతవరకు చెప్పినవన్నీ చేసినా, బజారులో మీతో సమానమైన పని తెలిసినవాళ్లు వందమంది ఉన్నంతకాలం ‘ఇష్టం లేకపోతే ఇంకొకరు వస్తారు’ అనే మాట మీ మీద వేలాడుతూనే ఉంటుంది. ఆ మాటకు విడివిడిగా జవాబు లేదు. పనికి రోజుకు ఎనిమిది గంటలే అనే హద్దును ఏ ఒక్కరూ తమ మేనేజరుతో విడిగా మాట్లాడి తెచ్చుకోలేదు. రాబర్ట్ ఓవెన్ 1817లో ఆ నినాదాన్ని రూపొందించిన తరువాత ఒక శతాబ్దం పాటు సంఘాలు పోరాడితే గానీ 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒడంబడికగా రోజుకు 8, వారానికి 48 గంటల పరిమితి రాలేదు.

అదే 1919లో, మొదటి ప్రపంచ యుద్ధాన్ని ముగించిన వెర్సాయ్ సంధిపత్రం శ్రమను ‘కేవలం సరుకుగా మాత్రమే’ చూడకూడదని రాసింది. పాతికేళ్ల తరువాత, 1944 మే 10న ఫిలడెల్ఫియాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ప్రకటనలో ‘కేవలం’ అన్న మాట లేదు: శ్రమ సరుకు కాదు అని నేరుగా ఉంది. ఆ ఒక్క మాట తొలగడానికి మధ్యలో ఒక ఆర్థిక మాంద్యం, ఒక యుద్ధం జరిగాయి. ఆ పత్రాన్ని చదివినప్పుడల్లా ఆ తేడా దగ్గర నేను ఆగిపోతాను.

మీ స్థాయిలో మొదలుపెట్టడానికి రెండు పనులున్నాయి. మొదటిది, ఒకే పని చేసేవాళ్లు జీతాలు ఒకరికొకరు చెప్పుకోవడం. అమెరికాలో యాజమాన్య హోదాలో లేని చాలామంది ప్రైవేటు ఉద్యోగులకు 1935 నాటి కార్మిక సంబంధాల చట్టమే ఈ సంభాషణకు రక్షణ ఇస్తుంది. మీ ఒప్పందంలో జీతం రహస్యమని రాసి ఉంటే, ఆ నిబంధన మీ దగ్గర చెల్లుతుందో లేదో కార్మిక న్యాయం తెలిసినవారిని అడిగి తెలుసుకోండి. రెండోది, అందరికీ తగిలే ఒకే ఒక్క చిన్న కోరికను ఎంచుకుని కలిసి అడగడం. షిఫ్టు జాబితా వారం ముందు ఇవ్వమని ఐదుగురు ఒకే మెయిల్ మీద పేర్లు పెట్టి అడిగినప్పుడు, అదే కోరికను ఐదుసార్లు విడిగా కాదన్న మేనేజరు ఒప్పుకోవడం నేను చూశాను. సంఘం ఉంటే చేరండి, లేకపోతే ఆ మెయిలే మొదలు.

యాప్‌ల ద్వారా పనిచేసేవారికి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే సహోద్యోగులు ఎవరో కూడా తెలియదు. అయినా మార్గం లేకపోలేదు. ఉబర్ డ్రైవర్లు స్వయం ఉపాధిదారులు కారని, కార్మికులుగా కనీస వేతనానికీ వేతనంతో కూడిన సెలవుకూ అర్హులని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న తీర్పు ఇచ్చింది. 2024లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఆదేశం ప్రకారం ఖాతాను నిలిపివేసే నిర్ణయం యంత్రం కాక మనిషే తీసుకోవాలి. ఇటువంటి పోరాటాల్లో రుజువులే బలం కాబట్టి లాగిన్ అయిన వేళ, పని కోసం ఎదురుచూసిన నిమిషాలు, డబ్బులో కోతలు పడినట్టు చూపే స్క్రీన్‌షాట్లు రోజూ తేదీతో దాచుకోండి. ఎదురుచూసిన సమయం కూడా పని సమయమేనా అన్నదే చాలా వివాదాల్లో అసలు ప్రశ్న.

ధర కట్టని పని ఒకటి

ఆస్ట్రియాలోని మారియెన్‌తాల్ అనే చిన్న ఊరు ఒకే ఒక్క జౌళి మిల్లు మీద బతికేది. మాంద్యం కాలంలో ఆ మిల్లు మూతపడ్డాక మారీ యహోడా తదితర పరిశోధకులు అక్కడికి వెళ్లి, తాము చూసింది 1933లో ప్రచురించారు. ఊరివాళ్లకు తీరిక బోలెడంత దొరికింది, గ్రంథాలయంలో రుసుము కూడా తీసేశారు, అయినా అరువు తీసుకునే పుస్తకాల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. వీధిలో మగవాళ్ల నడక నెమ్మదించింది, మాటిమాటికీ ఆగిపోయేవారు. పని పోవడంతో జీతంతోపాటు రోజుకు ఉన్న ఆకారం, నలుగురితో ఉన్న సంబంధం కూడా పోయాయని ఆ అధ్యయనం చూపింది.

నేను దీన్నుంచి నేర్చుకున్నది, రోజుకు ఆకారమిచ్చే పని మొత్తాన్నీ ఒకే యజమాని చేతిలో పెట్టకూడదని. జీతం రాని పని ఏదైనా ఒకటి, వారంలో ఒకే రోజు ఒకే వేళకు, కనీసం మరొక మనిషితో కలిసి చేయండి. పాట నేర్చుకోవడం, పిల్లలకు చదువు చెప్పడం, మొక్కలు పెంచడం, ఏదైనా సరే. అందులో మీరు రాణించనక్కర్లేదు. ‘ఇంత బాగా చేస్తున్నావు, దీంతో సంపాదించవచ్చు కదా’ అని ఎవరైనా అంటారు, మంచి ఉద్దేశంతోనే అంటారు. అమ్మకానికి పెట్టిన రోజునుంచి దానికీ రేటింగులు వస్తాయి, గడువులు వస్తాయి. డబ్బు నిజంగా అవసరమైతే అది వేరే సంగతి, అప్పుడు ఇంకొకదాన్ని అమ్మకుండా ఉంచుకోండి.

మీ కింద మనుషులు పనిచేస్తుంటే

మీరు షీట్లు తయారు చేసే స్థానంలో ఉంటే మీ మీద బాధ్యత ఎక్కువ. ఎవరి పనినైనా తగ్గించే, తీసేసే, మార్చే నిర్ణయానికి ముందు ఆ వరుసలోని మనిషితో గడిచిన నెలలో కనీసం ఒకసారి పని కాని విషయం మాట్లాడారేమో చూసుకోండి. మాట్లాడకపోతే నిర్ణయం ఒక రోజు వాయిదా వేసి మాట్లాడండి. ఖర్చు తగ్గించాల్సిందే అయితే గంటలు పంచుకోవడం, వాయిదా వేయగల కొనుగోళ్లు ఆపడం వంటి దారులు ముందు లెక్కవేయండి. ఉద్యోగం పోయే వార్తను మెయిల్‌లో పంపకండి, ఎదురుగా కూర్చుని మీ నోటితో చెప్పండి, జవాబు వినేదాకా లేవకండి.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నాక నేను లేచి తిరిగి సమావేశ గదికి వెళ్లాను. ఆ సగం ఎవరిదో, ఎందుకు సగమో చెప్పాను. అరగంట చర్చ తరువాత ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్సును పొడిగించకూడదని నిర్ణయించారు, ఆమె ఉద్యోగం నిలిచింది. తరువాతి నెల షీటులో ‘రిసోర్స్ 4’ ఉన్న చోట ఆమె పేరు రాసి పంపితే, మూసలో ఆ గడి కోడ్ మాత్రమే తీసుకుంటుందని ఫైనాన్స్ విభాగం తిప్పిపంపింది. కోడ్‌ను అలాగే ఉంచి దాని పక్కన ఇంకొక నిలువు వరుస చేర్చాను, ముద్రణలో అది కూడా వచ్చేలా పేజీని అడ్డంగా తిప్పాను. ఇప్పుడు మా షీట్లన్నీ అడ్డంగానే ఉంటాయి, పేర్లున్న వరుస ఎడమవైపున మొట్టమొదట వస్తుంది.